పడవలు: లేవు

విల్మా ట్రస్కాట్ నాకు
రాజమండ్రిలో, కోటిపల్లి బస్టాండు పక్కన
తూకానికి అమ్మే పుస్తకాల్లో దొరికింది.
వానకి ఉబ్బి, వీపు ఊడి,
ఏదో అమెరికా ఊరి లైబ్రరీ వాళ్ళు
తొలగించడమైనదని ఎర్రగా కొట్టిన ముద్రతో.
వెనక అంటించిన చీటీలో తారీఖులు.
ఆఖరిది డెబ్భై ఒకటి, మార్చి.
ఆ తర్వాత ఎవరూ ఆవిడ్ని ఇంటికి తీసుకెళ్ళలేదు.

నేను లొల్ల లాకుల దగ్గర సెక్షనాఫీసు గుమాస్తాని.
పొద్దున్నే రిజిస్టరు తెరిచి
ఎగువ మట్టం, దిగువ మట్టం, ఎత్తిన షట్టర్లు,
పడవలు అన్న గడిలో: లేవు.
ఇరవై రెండేళ్ళుగా అదే మాట. సిరా మాత్రం మారింది.

అట్ట మడతలో ఆవిడ బతుకు తొమ్మిది లైన్లు.
ఒహాయో నది మీద లాకు కాపలాదారు కూతురు.
తండ్రి పారేసిన రిజిస్టరు కాగితాల మీదే
తొలి కథలు.
ముందు వైపు బొగ్గు పడవల పేర్లు, బరువులు,
వెనక వైపు ఆ పడవల్లో వంటవాళ్ళు
ఎవరితోనూ అనని మాటలు.
పందొమ్మిదో ఏట పంపిన కథ తిరిగొచ్చింది.
ఇంకోటి పంపింది. అదీ వచ్చింది.
తర్వాత ఆల్చిప్పలు కోసి బొత్తాలు చేసే ఫ్యాక్టరీలో
పదిహేడేళ్ళు, ఊపిరితిత్తుల నిండా చిప్పల పొడి.
నలభై ఒకటో ఏట మొదటి నవల.
రెండోది మూడొందల కాపీల దగ్గర ఆగిపోయింది.
ఇందులో ఏమీ జరగదు అన్నారట పేపర్ల వాళ్ళు.
కథలు అరవై రెండు.
మూడో నవల నూట పన్నెండో పేజీలో
"ఆమె తలుపు వైపు" అన్నంత వరకే.

తెలుగు చేద్దామని కూర్చున్నాను.
మొదటి పేజీలోనే మంచు కురిసి కూలబడ్డాను.
ఆవిడకి మంచు ఆరు రకాలు.
నా దగ్గరున్నది ఒక్కటే,
దాళ్వా నారుమడి మీద పొద్దెక్కితే పోయేది.
లాకు దగ్గరకొచ్చేసరికి మాత్రం
పెన్ను దానంతటదే నడిచింది.
ఆ మాట మన కాలవల్లోకి ఎప్పుడో వచ్చి
ఇక్కడి నీళ్ళే తాగి పెరిగింది.

లస్కరు ఎరుబండి సూరన్నకి చదివి వినిపించాను.
బీడీ ఆర్పేసి విన్నాడు.
ముందుమాట రాసిన ప్రొఫెసరు గారు
ఆ లాకు ఒంటరి స్త్రీ హృదయానికి సంకేతమన్నారు,
అదీ చెప్పాను.
"గుండేం కాదండి, తలుపు," అన్నాడు సూరన్న.
"ఆ పిల్ల దూలానికి వీపానించి,
మడమలు తన్నిపెట్టి తోసిందన్నారు కదండీ,
అదోసారి మళ్ళీ చదవండి."
చదివాను.
"ఆయ్. తెలీనోళ్ళు చేతుల్తో తోస్తారండి.
ఈవిడ తోసిన మనిషే."

ఏభై ఏళ్ళు ఆవిడ గురించి రాసినవాళ్ళలో
ఈ ముక్క ఎవరికీ తట్టలేదు.
నాకూ తట్టలేదు.
రోజూ ఆ తలుపు పక్కనే కూర్చుని
క్యారేజీ విప్పేవాణ్ణి.

కాసేపటికి అడిగాడు,
"పింఛనొచ్చేదాండి ఆవిడికి?"
లేదన్నాను.
"అయితే మన ఎన్నెమ్మారేనన్నమాట," అని లేచి
రెండో షట్టరు దగ్గర పేరుకున్న గుర్రపుడెక్క
గెడతో పక్కకి తోశాడు.
తోసిన మేరా కాసేపు నీళ్ళు కనబడి,
మళ్ళీ ఆకులు కమ్ముకున్నాయి.

సాయంత్రం రిజిస్టరు మూయబోతూ
పోయినేడాది కాగితం ఒకటి చింపి
వెనక్కి తిప్పాను.
అటువైపు తెల్లగా ఉంది.
ఇటువైపు నా చేతిరాతలోనే,
ముప్ఫై ఒక్కసార్లు,
లేవు, లేవు, లేవు.